యతీమ్ బాలుడి నుంచి జాతి గురువు దాకా: డాక్టర్ జాకిర్ హుసేన్ జీవితం

తండ్రి లేని బిడ్డను యతీమ్ అంటాము. తల్లి బ్రతికి ఉన్నా సరే, తండ్రిని పోగొట్టుకున్న పసివాడు యుక్తవయస్సుకు వచ్చేదాకా ధర్మశాస్త్రం దృష్టిలో యతీమే. దైవప్రవక్త ముహమ్మద్ (స) తండ్రి ముఖం చూడకుండానే జన్మించారు. ఆరవ ఏట తల్లి కూడా దూరమయ్యారు. అనాథ బాలల హక్కుల విషయంలో ఇస్లాం ఎంత కచ్చితంగా ఉంటుందో మనకందరికీ తెలుసు. మనలో కలిగినవారు యతీంఖానాలకు చందాలిస్తారు, రంజాన్ మాసంలో బట్టలు పెడతారు. ఇది మెచ్చదగినదే. కాని ఒక పూట అన్నంతో, ఒక జత బట్టలతో ఆ బిడ్డ పట్ల మన బాధ్యత తీరిపోతుందా? వాడు ఉదయం లేచి ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో, ఏమి నేర్చుకుంటున్నాడో చూసే కన్ను ఎవరిది?

ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా మలచిన మహనీయుడు డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన భారత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. తల్లిదండ్రులు లేని ఒక బాలుడు ఆ స్థానానికి ఎలా చేరాడో, ఆ దారిలో తనలాంటి పిల్లల కోసం ఏమి చేశాడో తెలిసినవారు తక్కువ.

బేగంబజారులో పుట్టిన బిడ్డ

జాకిర్ హుసేన్ పూర్వీకులు అఫ్రీదీ పఠానులు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌లో స్థిరపడిన కుటుంబం వారిది. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ యువకుడిగా ఉండగానే బ్రతుకుతెరువు వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చారు. వకీలుగా మంచి పేరు, దానితోపాటు ధనం కూడా సంపాదించారు. బేగంబజారులో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటిలోనే 1897 ఫిబ్రవరి 8న జాకిర్ జన్మించారు. ఏడుగురు అన్నదమ్ములలో ఆయన మూడవవారు. ఆ విధంగా మన హైదరాబాద్ గడ్డే ఆయనకు పురిటిగడ్డ.

ఇంటిలో దేనికీ లోటు లేదు. పిల్లలకు చదువు చెప్పడానికి పంతుళ్ళు ఇంటికే వచ్చేవారు. కాని ఆ సుఖం ఎంతోకాలం నిలవలేదు. క్షయవ్యాధి సోకి 1907లో ఫిదా హుసేన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 40 ఏళ్ళు కూడా నిండలేదు. జాకిర్‌కు పదేళ్ళు. తల్లి నాజ్‌నీన్ బేగం పిల్లలను వెంటబెట్టుకుని స్వగ్రామమైన ఖాయంగంజ్ చేరుకున్నారు.

ఆ తల్లి ముందు రెండు దారులున్నాయి. పిల్లలను తన కొంగు చాటునే ఉంచుకుని, బంధువుల నీడలో కాలం వెళ్ళదీయడం ఒకటి. గుండె రాయి చేసుకుని వారిని దూరప్రాంతపు బడికి పంపడం మరొకటి. ఆమె రెండవ దారినే ఎన్నుకున్నారు. జాకిర్‌ను ఎటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్పించారు.

ఆ బడిని మౌల్వీ బషీరుద్దీన్ నెలకొల్పారు. సముదాయం చందాలతో నడిచే విద్యాలయం అది. కలవారి పిల్లలైనా, లేనివారి పిల్లలైనా ఒకే రకమైన నిరాడంబర జీవితం గడపాలి. బట్టలు మొదలుకొని నమాజు వేళల దాకా అన్నిటిమీదా పెద్దల కన్ను ఉండేది. ప్రధానోపాధ్యాయుడు సయ్యద్ అల్తాఫ్ హుసేన్ ఈ బాలుడిలోని తెలివిని త్వరగానే పసిగట్టారు. మాట్లాడే నేర్పునూ, చదివే అలవాటునూ పెంచారు. తండ్రి లేని లోటును ఆ గురువు కొంతవరకు తీర్చారనే చెప్పాలి.

1911లో మరో పిడుగు పడింది. ఖాయంగంజ్‌లో ప్లేగు వ్యాపించింది. నాజ్‌నీన్ బేగం ఆ మహమ్మారికి బలి అయ్యారు. ఎటావాలో చదువుకుంటున్న జాకిర్ తల్లిని కడసారి చూసుకోలేకపోయారు. పద్నాలుగేళ్ళు నిండేసరికి తల్లీ లేదు, తండ్రీ లేడు. తరువాతి సంవత్సరాలలో తోబుట్టువులలో కొందరిని కూడా మృత్యువు ఎత్తుకుపోయింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ రోజున ఎటావా బడి లేకపోయినట్లయితే ఆ బాలుడి గతి ఏమయ్యేది? ఆస్తి ఉన్నా దారి చూపే పెద్ద దిక్కు లేక చెడిపోయిన పిల్లలు మన మధ్య ఎందరు లేరు? ఆయనను కాపాడినది ధనం ఒక్కటే కాదు. ఒక సముదాయం ముందుచూపుతో నెలకొల్పిన విద్యాలయం, అందులో బిడ్డను బిడ్డగా చూసిన ఉపాధ్యాయుడు. ఈ సంగతి జాకిర్ హుసేన్ జీవితాంతం మరచిపోలేదు.

సర్కారు కళాశాలను వదలిన యువకుడు

1913లో ఆయన అలీగఢ్ కళాశాలలో చేరారు. వైద్యుడు కావాలనుకున్నారు గాని అనారోగ్యం వల్ల ఆ చదువు సాగలేదు. 1915లో షాజహాన్ బేగంతో వివాహం జరిగింది. 1918లో పట్టభద్రులై అర్థశాస్త్రంలో పై చదువుకు ఉపక్రమించారు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచిపెట్టమని విద్యార్థులను కోరారు. మంచి ఉద్యోగం, మంచి భవిష్యత్తు ఎదురుగా ఉన్న యువకుడు జాకిర్. అయినా వెనుదీయలేదు. అయితే పిల్లలు బడి మానితే సరిపోదనీ, వారికి మరో బడి కావాలనీ ఆయన, ఆయన మిత్రులు పెద్దల వద్ద పట్టుబట్టారు. ఆ పట్టుదల ఫలితంగానే 1920 అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా అవతరించింది. మౌలానా మహమూద్ హసన్ దానికి ప్రారంభోత్సవం గావించారు. హకీం అజ్మల్ ఖాన్ కులపతి, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ ఉపకులపతి అయ్యారు.

1922లో జాకిర్ హుసేన్ ఉన్నత విద్యకై జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో భారతదేశపు వ్యవసాయ ఆర్థిక వ్యవస్థ మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. అదే సమయంలో అక్కడి పాఠశాలలను కూడా పరిశీలించారు. చేతితో పని చేస్తూ నేర్చుకునే చదువు పిల్లవాడి బుద్ధిని ఎలా పదును పెడుతుందో గమనించారు.

ఇంతలో ఖిలాఫత్ ఉద్యమం చల్లారిపోయింది. నిధులు ఎండిపోయాయి. జామియాను మూసివేయాలని కొందరు పెద్దలు అనుకోసాగారు. ఈ వార్త తెలిసి జాకిర్ హుసేన్, జర్మనీలోనే ఉన్న మిత్రులు ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్‌లు చలించిపోయారు. తాము వచ్చేవరకు ఆగమనీ, జీవితాలను జామియాకే ధారపోస్తామనీ కబురు పంపారు. 1926లో ముగ్గురూ తిరిగివచ్చారు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని అద్దె ఇళ్ళలో నడుస్తున్న ఆ చిన్న సంస్థకు 29 ఏళ్ళ జాకిర్ హుసేన్ ఉపకులపతి అయ్యారు. 1948 వరకు, అంటే 22 ఏళ్ళు ఆ బరువు మోశారు.

150 రూపాయల ప్రతిజ్ఞ

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ మరణంతో జామియాకు పెద్ద అండ పోయింది. అప్పులవాళ్ళు తలుపు తట్టసాగారు. అప్పుడు 1928లో జామియా అధ్యాపకులు కొందరు కలసి ఒక ప్రతిజ్ఞ చేశారు. నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా 20 ఏళ్ళు ఈ సంస్థకు సేవ చేస్తామన్నదే ఆ ప్రతిజ్ఞ. ఆ 150 రూపాయలైనా నెలనెలా చేతికి అందిందా అంటే అదీ లేదు. యూరపులో చదివివచ్చిన డాక్టర్లు పస్తులకు సిద్ధపడి పసిపిల్లలకు చదువు చెప్పారు.

జామియాను బ్రతికించినవారిలో నవాబులు కొద్దిమందే. హమ్‌దర్దానె జామియా అనే పేరుతో సానుభూతిపరుల సంఘం ఏర్పడింది. సామాన్యులు నెలకు కొద్ది పైకమైనా క్రమం తప్పకుండా పంపేవారు. ఒక్కసారి ఇచ్చి పేరు చెక్కించుకునే దాతకంటె, ప్రతినెలా రూపాయి ఇచ్చి మరచిపోయే దాతలే సంస్థకు ప్రాణమని జాకిర్ హుసేన్ గ్రహించారు. ఆయన పుట్టిన హైదరాబాద్ సంస్థానం నుంచి కూడా జామియాకు సాయం అందింది.

1935 మార్చి 1న ఓఖ్లా గ్రామం వద్ద జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. పునాదిరాయి వేసే గౌరవం ఏ రాజుకు, ఏ మంత్రికి దక్కుతుందోనని అందరూ ఎదురుచూశారు. జామియాలో అందరికంటె చిన్నవాడైన విద్యార్థి చేత ఆ రాయి వేయించారు. ఆ సంస్థ ఎవరిదో చెప్పడానికి వేరే ఉపన్యాసం అవసరం లేకపోయింది.

పిల్లల మధ్య ఉపకులపతి

విశ్వవిద్యాలయానికి అధిపతి అయినా జాకిర్ హుసేన్ మనస్సు ప్రాథమిక పాఠశాల మీదనే ఉండేది. అక్కడ అబ్దుల్ గఫార్ ముధోలీ వంటి ఉపాధ్యాయులు కొత్త పద్ధతులు ప్రవేశపెట్టారు. పిల్లలే ఒక బ్యాంకు నడిపేవారు, పిల్లలే దుకాణం పెట్టేవారు, తోట పెంచేవారు. లెక్కలు, భాష, నిజాయితీ, అన్నీ ఆ పనిలోనే పట్టుబడేవి. జర్మనీ నుంచి వచ్చిన యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ ఇల్లు వదలి వచ్చిన చిన్నపిల్లలకు తల్లిలా సేవ చేశారు. పిల్లలు ఆమెను ఆపా జాన్ అని పిలిచేవారు. 1943లో మరణించిన ఆమె జామియా శ్మశానవాటికలోనే శాశ్వత నిద్రలో ఉన్నారు.

మాసిన బూట్లతో వచ్చే విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఒకరోజు ఉపకులపతే బ్రష్షు, పాలిషు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని చెప్పుకుంటారు. ఆ మరునాటి నుంచి ఎవరికీ చెప్పవలసిన అవసరం కలగలేదట.

మరో సంఘటన రాళ్ళను సైతం కరిగిస్తుంది. ఒకరోజు ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయి పంచుతున్నారు. చిన్నకూతురు రెహానాకు జబ్బుగా ఉందని నౌకరు వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కొంతసేపటికి నౌకరు మళ్ళీ వచ్చాడు. ఈసారి తెచ్చినది చావు కబురు. ముఖం పాలిపోయినా చేయి ఆగలేదు. చివరి బిడ్డకు కూడా మిఠాయి అందేవరకు అక్కడి నుంచి కదలలేదు. అన్ని పసిముఖాలలో వెలుగుతున్న సంతోషాన్ని ఆర్పివేయడానికి మనసు ఒప్పలేదన్నదే తరువాత ఆయన ఇచ్చిన జవాబు. ఈ త్యాగంలో షాజహాన్ బేగం పాలు తక్కువ కాదు. బిడ్డ పక్కన ఒంటరిగా కూర్చున్న తల్లి ఆమె. లేమిని, భర్త గైర్హాజరీని మౌనంగా భరించిన ఇల్లాలు ఆమె.

ఆయన పిల్లల కోసం కథలు కూడా రాశారు. వాటిలో స్వేచ్ఛ కోసం తోడేలుతో తెల్లవార్లూ పోరాడిన మేక కథ 'అబ్బూఖాన్ కీ బక్రీ' ఉర్దూ పిల్లలకు తరతరాలుగా తెలిసినది. వాటిని తన పేరుతో కాక, చనిపోయిన కూతురు రుఖయ్యా రెహానా పేరుతో ప్రచురించారు.

బడి బిడ్డ దగ్గరకు రావాలి

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తల మహాసభ ఏర్పాటు చేశారు. జాతీయ విద్యా ప్రణాళిక రూపొందించే కమిటీకి జాకిర్ హుసేన్‌ను అధ్యక్షునిగా నియమించారు. 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ అల్లుకున్న పాఠాలు, ఇవి ఆ నివేదికలోని ముఖ్యాంశాలు. 5 గంటల 30 నిమిషాల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి కేటాయించారు.

విమర్శలు నాలుగు వైపుల నుంచి వచ్చాయి. పిల్లల చేత పని చేయించి బడి ఖర్చులు రాబట్టుకుంటారా అని కొందరు ఆక్షేపించారు. మతబోధకు చోటు లేదని ముస్లిం లీగ్ నిరసించింది. అమలులో ఆ పథకం ఆశించినంతగా ఫలించలేదు కూడా. చాలాచోట్ల రాట్నం మిగిలింది, చదువు జారిపోయింది. ఆ లోపాలను తరువాతి కాలంలో జాకిర్ హుసేనే నిర్మొహమాటంగా ఎత్తి చూపారు. కాని పేద బిడ్డ చేతికి ఒక పని, మనస్సుకు ఒక చదువు, రెండూ ఒకేసారి అందాలన్న ఆయన ఆలోచనలో తప్పులేదు. దిక్కులేని బిడ్డకు ఆ రెండూ మరింత అవసరం.

ఇక బడికి రాలేనివారి సంగతి ఏమిటి? 1938లో జామియా తాలీమ్-ఓ-తరఖ్ఖీ అనే విభాగాన్ని ప్రారంభించింది. జాకిర్ హుసేన్ సహచరుడు షఫీఖుర్రహ్మాన్ కిద్వాయ్ దానిని నడిపించారు. బస్తీలలో కేంద్రాలు తెరిచారు. కూలివారికి, దుకాణాలలో పనిచేసేవారికి సాయంకాలం చదువు చెప్పారు. కొత్తగా అక్షరాలు నేర్చినవారికోసం సులభమైన చిన్న పుస్తకాలు అచ్చువేశారు, పఠన మందిరాలు పెట్టారు. పాత ఢిల్లీలోని మటియా మహల్, బేరీవాలా బాగ్, ఖసాబ్‌పురా వంటి మొహల్లాలలో బాలక్ మాతా కేంద్రాలు వెలిశాయి. అక్కడ పసిపిల్లలకు ఆటపాటలతో అక్షరాలు, తల్లులకు కుట్టుపని నేర్పారు. తల్లి నిలదొక్కుకుంటేనే బిడ్డ బడిలో నిలబడతాడన్న సత్యాన్ని ఈ కేంద్రాలు గుర్తించాయి. భర్తను పోగొట్టుకున్న తల్లి విషయంలో ఈ మాట మరీ నిజం. యతీమ్ బిడ్డలలో అధికులు తల్లి ఉన్నవారే కదా!

నెత్తుటి రోజులు

1946 నవంబరు 17న జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాల మంటలలో మాడుతోంది. ఆ వేదిక మీద ఒకవైపు జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, రాజాజీ. మరోవైపు జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ కూర్చున్నారు. జాకిర్ హుసేన్ వారందరి ముందు నిలిచి, ఈ విద్వేషాగ్నిని ఆర్పమని వేడుకున్నారు. ఇది ఎవరు రాజేశారని విచారించే సమయం కాదనీ, మనిషితనమే మిగలని చోట పిల్లలకు ఏమి బోధించగలమనీ కన్నీటితో అడిగారు.

ఆ మొర ఎవరూ ఆలకించలేదు. 1947 ఆగస్టులో రైలులో కాశ్మీరుకు పోతూ ఉండగా జలంధర్ స్టేషనులో అల్లరిమూకలు ఆయనను చుట్టుముట్టాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ఆయన ప్రాణాలు కాపాడారు. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తక భాండారం దుండగుల చేతిలో బూడిద అయింది. ఆయన మాత్రం పగ పెంచుకోలేదు. ఢిల్లీకి తిరిగివచ్చి, కాందిశీకుల సేవలో నిమగ్నులయ్యారు. ఆ తరువాత షఫీఖుర్రహ్మాన్ కిద్వాయ్ బృందం ఢిల్లీ బస్తీలలో విద్యాకేంద్రాలను విస్తరించింది. కిద్వాయ్ 1952లో ఢిల్లీ రాష్ట్ర విద్యామంత్రి అయ్యారు గాని మరుసటి ఏడే కన్నుమూశారు.

అత్యున్నత పీఠం

1948లో జాకిర్ హుసేన్ అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. విభజన గాయాలతో కుంగిపోయిన ఆ సంస్థను నిలబెట్టారు. 1957 నుంచి 1962 వరకు బీహారు గవర్నరుగా, తరువాత ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1963లో భారతరత్న పురస్కారం లభించింది. 1967 రాష్ట్రపతి ఎన్నికలలో ఆయనకు పోటీగా నిలిచినది తెలుగువారైన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. జాకిర్ హుసేన్ విజయం సాధించి మే 13న పదవీ ప్రమాణం చేశారు. ఆ పీఠమెక్కిన మొదటి ముస్లిం ఆయన. యావద్భారతం తన ఇల్లని, దేశ ప్రజలందరూ తన కుటుంబమని ఆనాడు భావించారు. ఇల్లు కోల్పోయిన బాలుడికి అంతకంటె పెద్ద ఇల్లు మరొకటి దొరకదు.

1969 మే 3న పదవిలో ఉండగానే ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. జామియా ఆవరణలోనే, తాను పెంచిన పిల్లల పాఠశాలలకు చేరువలో, ఆయనను ఖననం చేశారు. ఆయన తమ్ముడు యూసుఫ్ హుసేన్ ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. మరో తమ్ముడు మహమూద్ హుసేన్ పాకిస్తాన్‌లో విద్యామంత్రి. తండ్రి పోయిన ఆ ఇంటి పిల్లలను నిలబెట్టినది విద్యే.

మనం చేయవలసినది

ఆయన కన్న కల చట్టరూపం దాల్చడానికి చాలాకాలం పట్టింది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువు హక్కు అయింది. పుట్టిన తేదీ పత్రం లేదని ఏ బడీ బిడ్డను వెనక్కి పంపరాదు. చదువు మధ్యలో ఆగిపోయినవాడిని వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ సంగతి తెలియక ఎందరో తల్లులు కాగితాలు లేవని పిల్లలను పనికి పంపుతున్నారు. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి.

అయితే చట్టం తలుపు తెరుస్తుంది, బిడ్డ చేయి పట్టుకుని లోపలికి నడిపించేది మనిషే. మన మొహల్లాలో తండ్రి లేని పిల్లలు ఎందరున్నారు, వారిలో బడికి పోనివారు ఎందరు? ప్రతి మసీదు కమిటీ వద్ద ఈ లెక్క ఉన్నదా? సాయంకాలం ఒక గంట కూర్చోబెట్టి చదివించే యువకులు మన వీధిలో ఇద్దరైనా దొరకరా? హోటల్లో కప్పులు కడిగే కుర్రవాడిని చూసి జాలిపడి చిల్లర చేతిలో పెట్టడం తేలిక. వాడి పేరు అడిగి, తల్లిని కలిసి, బడిలో చేర్పించి, మళ్ళీ మానేయకుండా నెలనెలా చూసుకోవడం కష్టం. జాకిర్ హుసేన్ తన జీవితంలో ఎన్నుకున్నది ఈ కష్టమైన పనినే.

పదేళ్ళ వయస్సులో తండ్రి జనాజా చూసిన ఒక హైదరాబాదు బాలుడి కోసం ఎటావాలో ఎవరో ముందే ఒక బడి కట్టి ఉంచారు. ఆ బిడ్డ ఎవరవుతాడో కట్టినవారికి తెలియదు. మన వీధిలో తిరుగుతున్న యతీమ్ బిడ్డ రేపు ఎవరవుతాడో మనకూ తెలియదు. వాడికోసం ఒక బడి తలుపు తెరచి ఉంచడమే మన వంతు.